రీల్స్ వచ్చు, ఫారం నింపడం రాదు: ఒడిశా సరిహద్దు పిల్లలకు ఏ తరగతిలో ఏ టెక్నాలజీ

మెట్రిక్ రిజల్ట్ వచ్చిన వారంలో పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఏ జెరాక్స్ షాపు ముందు నిలబడినా ఒకటే సీను. ప్లస్ టూ సీటు కోసం సామ్స్ పోర్టల్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల సైటులో, దరఖాస్తు పెట్టాలి. పిల్ల మార్కుల కాగితం పట్టుకుని లైన్లో ఉంటుంది, వెనకాల నాన్న ఇంట్లో ఉన్న ఆధార్ కార్డులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకుని నిలబడతాడు, లోపల షాపు కుర్రాడు అడుగుతుంటే వీళ్లు చెబుతుంటారు. ఓటీపీ షాపు ఫోనుకే వస్తుంది, మెయిల్ ఐడీ షాపుదే, పాస్‌వర్డ్ ఏం పెట్టాడో అతనికే తెలియాలి, మరో వంద ఫారాలు నింపాక అతనికీ గుర్తుండదు. లైన్లో ఉన్నంతసేపూ ఆ పిల్ల చేతిలో ఫోను ఆడుతూనే ఉంది. వీడియో కత్తిరించడం, పాట కలపడం, మొహానికి ఫిల్టర్ వేయడం అన్నీ వచ్చు.

ఏ తరగతి పిల్లలకు ఏ టెక్నాలజీ రావాలి అన్న చర్చ ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒక జాబితా చేతిలో పెడతారు. రెండో తరగతికి మౌస్, ఐదుకి పవర్‌పాయింట్, ఎనిమిదికి కోడింగ్, ఇప్పుడు కొత్తగా ఏఐ. ప్రైవేటు స్కూళ్ల బ్రోచర్లలో ఇదే జాబితా రంగుల్లో కనిపిస్తుంది. అందులో చెప్పినవి చెడ్డవని కాదు గానీ, ఆ జాబితా ఎవరిని చూసి రాశారన్నదే అనుమానం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫారంలో ఇంగ్లీషు, పక్క వీధిలో సవర మాట్లాడే ఊళ్లో పెరిగే పిల్లకి ఆ వరస పనికిరాదు. ఇక్కడ ప్రతి తరగతి దగ్గరా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ వయసుకి ఈ పిల్ల తన పని తాను, షాపు కుర్రాడి దగ్గరికి పోకుండా, ఎంతవరకు చేసుకోగలదు?

ఫోను లేకపోవడం ఇప్పుడు పెద్ద సమస్య కాదని అంకెలే చెబుతున్నాయి. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే 2024 ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, 82 శాతం మందికి దాన్ని వాడడం వచ్చు. సర్వేకి ముందు వారంలో చదువు పనికి వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్లు 76 శాతం. సోషల్ మీడియా వాడేవాళ్లలో పాస్‌వర్డ్ మార్చడం తెలిసినవాళ్లు 58 శాతం దగ్గరే ఆగిపోయారు. ఫోను ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. వాడడం వచ్చిన అబ్బాయిల్లో 36 శాతానికి సొంత ఫోను ఉంటే, అమ్మాయిల్లో అది 27 శాతమే. ఇవి దేశం మొత్తం అంకెలు. గజపతి, రాయగడ కొండ ఊళ్లలో సిగ్నల్ కోసం గట్టెక్కాల్సిన చోట్ల లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ముగ్గు నేర్పినంత కంప్యూటర్ ఎవరూ నేర్పరు

రెండో తరగతి లోపు పిల్లలకు స్క్రీన్ మీద నేర్పాల్సింది ఏమీ లేదు. ఏదో మిస్సయిపోతామన్న టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. భారతీయ పిల్లల డాక్టర్ల సంఘం, అదే ఐఏపీ, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు స్క్రీనే వద్దంది, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకి గంట దాటొద్దంది, ఐదు నుంచి పదేళ్ల వరకు రెండు గంటల లోపే ఉండాలంది. అన్నం తినిపించడానికి పెట్టే కార్టూన్లతోనే ఆ గంట అయిపోతుంది, ఇంక బడికి మిగిలేదేముంది.

కానీ కంప్యూటర్‌కి కావలసిన ఆలోచన ఈ వయసులోనే పడుతుంది. దానికి మన ఇళ్లలో మంచి సరుకుంది. పండక్కి ముందు అమ్మ చెబుతుంది: పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. ఈ మూడు ముక్కల్లో మొత్తం ప్రోగ్రాం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ప్రతి వరసలో ఏం మారాలి, ఎక్కడ ఆగాలి. పదిహేనుకి అటూ ఇటూ పద్నాలుగు, పదమూడు అలా తగ్గుతూ ఎనిమిది దగ్గర ఆగితే మొత్తం 169 చుక్కలు. మధ్యలో ఒక్క వరసలో చుక్క తప్పితే గీతలు కలవవు, అప్పుడు వెనక్కి వెళ్లి ఏ వరసలో తప్పిందో వెతకాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు డీబగ్గింగ్ అనేది ఇదే. ఒడియా ఇళ్లలో మార్గశిరం గురువారాల్లో ఝోటి వేస్తారు, అది వాళ్ల ముగ్గు. తెలుగు పిల్లనీ ఒడియా పిల్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరు నోటితో చెబుతుంటే ఇంకొకరు గీసే ఆట ఆడిస్తే చాలు, రెండో తరగతికి అంతకంటే పెద్ద కోడింగ్ క్లాసు అవసరం లేదు.

మూడు నుంచి ఐదు: రెండు లిపులు, ఒకటే కీబోర్డు

అసలు పని మూడో తరగతిలో మొదలవుతుంది, సరిహద్దు పిల్లలకు లాభం కూడా ఇక్కడే ఉంది. ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ వాడుకోవడం లేదు.

పిల్లలు ఫోనులో తెలుగు ఎలా రాస్తారు? ఇంగ్లీషు అక్షరాలతో. 'ఎలా ఉన్నావ్' అన్నా ఇంగ్లీషు అక్షరాలే, 'కెమితి అచ్ఛ' అన్నా ఇంగ్లీషు అక్షరాలే. స్పెల్లింగ్ ఎవడికి తోచింది వాడిది. కొంచెం తెలివైనవాళ్లు మైకు నొక్కి మాట్లాడి టైపు చేయిస్తారు. అది తెలుగుని బాగానే పడుతుంది గానీ, ఇక్కడి మాటలో వాక్యానికి రెండు ఒడియా ముక్కలు దొర్లుతాయి కదా, అక్కడ తడబడుతుంది. పైగా అది ఏం రాసిందో చదివి దిద్దగలిగే పిల్లకే మైకు ఉపయోగం. అక్షరం రానివాళ్లకి అది ఏం రాస్తే అదే.

ఇన్‌స్క్రిప్ట్ అని ఒక కీబోర్డు అమరిక ఉంది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం తయారు చేయించింది, విండోస్ కంప్యూటర్లన్నిటిలో ఉచితంగానే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు, ఒడియా భాషలు చేర్చుకుంటే చాలు. దాని గొప్పతనమంతా ఒక్క ఆలోచనలో ఉంది: తెలుగు, ఒడియా, హిందీ లాంటి లిపులన్నిటికీ అక్షరాలు ఒకే చోట. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. తెలుగు 'క' ఏ మీట మీద ఉందో ఒడియా 'క' అదే మీట మీద, హిందీ 'క' కూడా అక్కడే. 'మ', 'న', 'ప', 'ర' అన్నీ అంతే. అంటే నాలుగో తరగతి పిల్ల రోజుకి పావుగంట చొప్పున రెండు మూడు నెలలు తెలుగులో వేళ్లు అలవాటు చేసుకుంటే ఒడియా టైపింగ్ విడిగా నేర్చుకోనక్కర్లేదు, భాష మార్చే మీట నొక్కితే చాలు. ఒక లిపి మాత్రమే తెలిసిన పిల్లకి లేని సౌకర్యం ఇది. బరంపురం పిల్లకి ఇల్లూ బడీ కలిసి రెండు లిపులు ఇచ్చేశాయి, కీబోర్డు వాటిని కలిపి ఉంచింది, మధ్యలో బడి ఒక్కటే ఆ తాడు ముడి వేయాలి.

కాబట్టి ఐదో తరగతి అయ్యేసరికి ఇంత వస్తే చాలు: తన పేరు, ఊరు పేరు, అమ్మానాన్నల పేర్లు తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో తప్పు లేకుండా టైపు చేయడం. ఐదారు వాక్యాలు రాసి, ఒక పేరు పెట్టి, ఒక ఫోల్డర్లో దాచి, మర్నాడు అదే ఫైలు వెతికి తెరవడం. ఈ చివరిది తేలికనిపిస్తుంది గానీ ఫోను మాత్రమే చూసిన పిల్లలకి ఫైలు ఎక్కడో ఒకచోట ఉంటుందన్న ఊహే ఉండదు. అంతా గ్యాలరీలోనో వాట్సాప్‌లోనో ఉంటుంది.

ఇంకో చిన్న విషయం, అంకెలు. ఒడియా మీడియం చిన్న తరగతుల లెక్కల పుస్తకాల్లో ఒడియా అంకెలే ఉంటాయి. ఒడియా రెండు చూడడానికి 9 లాగే ఉంటుంది. ఆన్‌లైన్ ఫారాలు మాత్రం 1, 2, 3 అనే అడుగుతాయి. పుట్టిన తేదీ రాసేటప్పుడు ఈ రెండిటి మధ్య తడబడకుండా ఉండడం కూడా ఈ వయసులో రావాల్సిన టెక్నాలజీ నైపుణ్యమే, ఏ బ్రోచర్లోనూ ఉండదు గానీ.

సవర పిల్లల మాట వేరుగా చెప్పాలి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు పాఠాలు వాళ్ల భాషలోనే చెప్పాలని పుస్తకాలు రాశారు. 1936లో మంగై గొమాంగో సవరకి సొంత లిపి తయారు చేశారు, సోరా సోంపెంగ్. అది యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ అక్షరాల్ని గుర్తుపట్టే జాబితాలో, చేరింది 2012లో. తెలుగు, ఒడియా 1991లోనే చేరిపోయాయి. ఈ ఇరవై ఏళ్ల తేడా వల్ల సవర పిల్ల తన ఇంటి మాటని తన లిపిలో ఫోనులో రాయాలంటే ఇప్పటికీ విడిగా ఫాంటూ కీబోర్డూ వెతుక్కోవాలి.

ఆరు నుంచి ఎనిమిది: వెతకడం ఎలా

2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ని మధ్య దశలో, అంటే ఆరో తరగతి నుంచి మొదలుపెట్టమంది. 2026-27 నుంచి మూడో తరగతి మొదలుకొనే ఏఐ, కంప్యుటేషనల్ థింకింగ్ తెస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే. కోడింగ్ కోసం స్క్రాచ్ ఉంది, ఉచితం, ఒడియాలో కూడా దొరుకుతుంది, బొమ్మల ముక్కలు అతికించినట్టు ప్రోగ్రాం అతికించొచ్చు. రెండో తరగతిలో నేల మీద వేసిన 169 చుక్కల్నీ ఇక్కడ స్క్రీన్ మీద వేయించొచ్చు. పదిహేను వరసలు చేత్తో పెట్టిన పిల్లకి 'మళ్లీ చెయ్యి' అన్న ఒక్క ముక్క ఎంత పని తప్పిస్తుందో ఎవరూ చెప్పక్కర్లేదు. కోడింగ్ గురించి ఈ వయసుకి ఇంతకంటే కంగారు అవసరం లేదు.

కంగారు పడాల్సింది వెతకడం గురించి. సరిహద్దులో ఇదొక ప్రత్యేకమైన గుంట, ఇందులో పెద్దవాళ్లే పడుతున్నారు. తెలుగులో 'స్కాలర్‌షిప్ ఎలా అప్లై చేయాలి' అని వెతికితే ఏం వస్తుంది? ఆంధ్రా జ్ఞానభూమి, తెలంగాణ ఈపాస్. వీడియోలో అన్న చాలా బాగా, నెమ్మదిగా, మన భాషలో చెబుతాడు. చెప్పిందంతా నిజమే. కానీ గజపతి జిల్లాలో ఉన్న పిల్లకి అందులో ఒక్క ముక్కా పనికిరాదు, ఆమెకి కావలసింది ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్. అలాగే రైతు పథకం, ఇంటి పథకం, కులం సర్టిఫికెట్. భాష మనదైనంత మాత్రాన సమాచారం మనది కాదు. పాతపట్నంలో ఉన్న మేనమామకి పనికొచ్చిన లింకు పర్లాకిమిడిలో ఉన్న మేనకోడలికి పనికిరాదు, మధ్యలో ఉన్నది కొద్ది కిలోమీటర్లే అయినా.

అందుకే ఏడో తరగతికి రావాల్సిన మొదటి నైపుణ్యం ఇది: ఏ పేజీ తెరిచినా ముందు మూడు చూడాలి. ఇది ఏ రాష్ట్రానిది, ఎప్పటిది, ఎవరు పెట్టింది. సైటు చిరునామా చదవడం నేర్పాలి, చివర gov.in లాంటి ప్రభుత్వ గుర్తు ఉందా లేదా, అలాంటిదే పేరు పెట్టుకున్న నకిలీదా. రెండోది, ఒకే ప్రశ్నని మూడు భాషల్లో వెతకడం. జీడిపిక్కల ధర తెలుగులో వెతికితే పలాస మార్కెట్ కబురు దొరుకుతుంది, ఒడియాలో వెతికితే ఇటువైపు కబుర్లు, ఇంగ్లీషులో వెతికితే ఇంకా పై లెక్క. మూడూ పక్కపక్కన పెట్టుకోగలిగిన పిల్ల ఇంట్లో నాన్నకి నిజంగా సాయపడుతుంది.

పాఠాల విషయంలో ఇదే సంగతి తిరగబడి లాభం చేస్తుంది. ఒడియా పుస్తకంలో సైన్సు అర్థం కాని పిల్లకి తెలుగు వీడియోలు బోలెడు, మీడియం మాట తేడా పడుతుంది అంతే. పుస్తకంలో ఉన్న ఒడియా మాటా, వీడియోలో వినిపించే కిరణజన్య సంయోగక్రియా రెండూ ఫోటోసింథసిసేనని మధ్యలో ఇంగ్లీషు మాటని ఊతకర్రలా వాడుకోవడం వస్తే చాలు. 2017లో వచ్చిన ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో బోర్డు, మీడియం మార్చుకునే వీలుంది. ఒడిశా బోర్డు పిల్ల ఆంధ్రా బోర్డు తెలుగు పాఠం తెరిచి చూసుకోవచ్చు. పరీక్ష మాత్రం ఒడిశా పుస్తకం నుంచే వస్తుందని మర్చిపోకపోతే మంచిది, పాఠాల వరసలు వేరు.

ఈ మూడేళ్లలోనే లెక్కల పట్టిక, అదే ఎక్సెల్ లాంటిది, మొదలుకావాలి. పుస్తకంలో ఉన్న ఉదాహరణ ఎవరిదో కంపెనీ జీతాలది, పిల్లలకి ఆవగింజంత ఆసక్తి ఉండదు. అమ్మ మిషన్ శక్తి గ్రూపు (ఒడిశా మహిళా పొదుపు సంఘం) పుస్తకం తెచ్చుకుని అందులో ఎవరు ఎంత కట్టారు, ఎవరికి ఎంత అప్పు, వడ్డీ ఎంత అన్నది పట్టికలో వేస్తే, మొత్తం తప్పినప్పుడు ఇంట్లోనే గొడవ అవుతుంది కాబట్టి జాగ్రత్తగా చేస్తారు.

తొమ్మిది, పది: పేరు

మెట్రిక్ పిల్లల మొదటి టెక్నాలజీ పాఠం తమ పేరు. నవ్వొచ్చే మాటే గానీ ఇక్కడ ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఈ పేరు దగ్గరే.

తెలుగు ఇంటిపేరు ముందు ఉంటుంది, పొడి అక్షరంగా. ఒడిశా ఫారంలో ఇంటిపేరు చివర అడుగుతారు. ఒడియాలో 'వ' చాలాచోట్ల 'బ' అయిపోతుంది, మాట మొదట్లో 'య' 'జ' అవుతుంది. కాబట్టి ఇంట్లో వెంకట్రావు బడి రిజిస్టర్లో బెంకట రావు, ఇంట్లో యశోద బడిలో జశోద. ఆధార్ పక్క రాష్ట్రంలో అమ్మమ్మగారింట్లో ఉన్నప్పుడు తీసుంటే అందులో ఇంటిపేరు ముందు, బడి రికార్డులో వెనక. మనిషి చూస్తే ఒక్కరేనని తెలుస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు. ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ నంబరు రావాలంటే బడి రికార్డూ ఆధారూ సరిపోవాలి, స్కాలర్‌షిప్ డబ్బు పడాలంటే ఆధార్ బ్యాంకు ఖాతాతో కలిసి ఉండాలి, మార్కుల కాగితం మీద ఒక అక్షరం తేడా వస్తే అది సరిచేయించడానికి కటక్ బోర్డు ఆఫీసు దాకా కాగితాలు తిరగాలి. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరిగేటప్పుడే పిల్ల తన ఆధార్, బడి రిజిస్టర్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడాలి. డేటా మ్యాచింగ్ అని దీనికి పెద్ద పేరుంది, ఎక్కడైనా కోర్సు కింద అమ్ముతున్నారేమో కూడా.

తర్వాతవి చకచకా చెప్పుకోవచ్చు. సొంత మెయిల్ ఐడీ, తనకి లేదా ఇంట్లోవాళ్లకి చెందిన ఫోను నంబరుతో. పాస్‌వర్డ్ తనే పెట్టుకుని తనే గుర్తుంచుకోవడం. షాపువాడి నంబరుతో పెట్టిన ఖాతా ఏడాది తర్వాత స్కాలర్‌షిప్ రెన్యువల్ అప్పుడు తెరుచుకోదు, అప్పటికి షాపు సిమ్ మారిపోయుంటుంది. ఫోనుతో తీసిన ఫోటో మూడు నాలుగు ఎంబీలుంటుంది, ఫారం అడిగేది కేబీల్లో. వెయ్యి కేబీలు ఒక ఎంబీ అని తెలిసి, ఫోటోని కత్తిరించి చిన్నది చేసి, కాగితాన్ని నీడ పడకుండా స్కాన్ చేసి పీడీఎఫ్ చేయగలిగితే షాపు ముందు లైను సగం తగ్గుతుంది. 2015 నుంచి డిజిలాకర్ ఉంది, అందులో మార్కుల కాగితం దించుకోవడం వస్తే లామినేషన్ చేయించి పెట్టెలో దాచే అవసరం తగ్గుతుంది. తల్లిదండ్రులు ఎలాగూ లామినేషన్ చేయిస్తారనుకోండి.

ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని పిల్లలందరికీ నోటికొచ్చు, అయినా షాపులో గట్టిగా చదివి వినిపిస్తారు. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, రేపు బ్యాంకు తెరిచాక చూద్దాం అనుకుంటే డబ్బు ఖాతాలు మారిపోతుంది. అమ్మాయిల ఫోటోలతో బెదిరించేవాళ్ల విషయంలో, స్క్రీన్ షాట్ దాచుకోవడం, బ్లాక్ చేయడం, పిల్లల హెల్ప్‌లైన్ 1098 అన్నవి తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఏడులోనే చెప్పాలి. దీన్ని బడిలో అమ్మాయిలకి మాత్రమే చెప్పి పంపేయడం మామూలైపోయింది. పక్క బెంచీలో కూర్చున్న అబ్బాయిలు కూడా వినాలి, వాళ్లే కదా ఫార్వర్డ్ చేసేది.

ఏఐ గురించి అడిగినప్పుడు

హోంవర్కు ఏఐ చేత రాయించడం ఎనిమిదో తరగతి నుంచే నడుస్తోంది, ఇందులో దాచడానికేముంది. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం వయసు 13 దాటాలి, 18 లోపు వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ నిబంధన ఎవరూ చదవరు. వద్దని చెప్పడం వల్ల ఆగేది కాదు కాబట్టి, అది ఎక్కడ తప్పుతుందో పట్టుకునే పని చేయిస్తే నయం.

దానికి సరిహద్దు ఊరంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఏఐని తమ ఊరి గురించే అడిగించాలి: మహేంద్రతనయ నది ఎక్కడ పుట్టింది, నౌపడా గుణుపురం రైలు ఎప్పుడు పెద్ద లైను అయింది, మా ఊరి జాతర ఏ నెలలో, ఎవరి పేరున. ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో, ఒకసారి ఇంగ్లీషులో. మూడు జవాబులూ రాసుకుని ఇంట్లో తాతని అడిగి ఎర్ర ఇంకుతో దిద్దమనాలి. ఇంటర్నెట్‌లో ఎక్కువగా రాసి ఉన్న విషయాలు బాగా చెబుతుంది, ఎవరూ రాయని ఊరి విషయాలు అదే నమ్మకంతో అల్లేస్తుంది, ఆ గొంతులో తేడా ఉండదు. ఆ ఎర్ర ఇంకు కాగితం ఒక్కసారి చేతిలోకి వచ్చాక సైన్సు జవాబు కూడా పుస్తకంతో పోల్చుకోవాలని పిల్లకి తనకే తోస్తుంది. కొటియా ఊళ్ల గురించి అడిగిస్తే ఇంకా సరదా. ఒడిశా, ఆంధ్రా రెండూ మావేనంటున్న ఊళ్లు, ఏ భాషలో అడిగితే జవాబు ఎటు మొగ్గుతుందో చూడొచ్చు.

ప్లస్ టూ

ఈ దశలో సైన్సు పిల్లలకి పైథాన్ రావాలా అంటే, ఇంజనీరింగ్ వైపు వెళ్లేవాళ్లకి వస్తే మంచిది, మిగతావాళ్లకి పట్టికలూ, ఒక పేజీ ఉత్తరం రాయడమూ, మెయిల్‌కి ఫైలు తగిలించి పంపడమూ వస్తే ముందు అది చాలు. పైథాన్ నేర్పితే మాత్రం లెక్కల పుస్తకం నుంచి ప్రైమ్ నంబర్లు తెచ్చి పెట్టే బదులు, ఇక్కడే దొరికే సరుకు ఒకటుంది. యూనికోడ్‌లో ప్రతి అక్షరానికి ఒక నంబరు. తెలుగు 'క' నంబరు 3093, ఒడియా 'క' 2837. తేడా 256. తెలుగు 'మ' 3118, ఒడియా 'మ' 2862. మళ్లీ 256. భారతీయ లిపులని ఒకే వరసలో అమర్చడం వల్ల వచ్చిన సుఖం ఇది. అంటే తెలుగు పేరు తీసుకుని ప్రతి అక్షరం నంబరులోంచి 256 తీసేస్తే ఒడియా లిపిలో పేరు వచ్చేస్తుంది, నాలుగు లైన్ల ప్రోగ్రాం. 'రమణ', 'కమల' అచ్చంగా వస్తాయి. 'చెల్లమ్మ' దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే తెలుగులో ఎత్వం, ఏత్వం రెండు వేరు, ఒడియాలో అది ఒకటే, హ్రస్వానికి అక్కడ ఖాళీ గది. ఆ ఖాళీకి ఏం చేయాలో పిల్ల తనే ఆలోచించి ఒక షరతు రాయాలి. ఇంట్లో అమ్మమ్మ పేరు తప్పుగా వచ్చిందని దిద్దుకుంటూ నేర్చుకున్న షరతు ఎక్కువ రోజులు గుర్తుంటుంది. సవర లిపిని ఈ 256తో పట్టలేరు, అది వేరే చోట, వేరే క్రమంలో ఉంది.

ఇంక పోటీ పరీక్షలు. జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద. మూడు గంటలు, 75 ప్రశ్నలు, అందులో 15కి జవాబు అంకెల్లో పెట్టాలి, అది కూడా తెర మీద కనిపించే అంకెల మీటల మీద మౌస్‌తో నొక్కుతూ. ఫోను తప్ప మౌస్ పట్టని పిల్ల మొదటి పావుగంట బాణం గుర్తు వెనక పరిగెడుతుంది. ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సైటులో మాక్ టెస్టు ఉచితంగా ఉంటుంది, నెల ముందు నుంచి వారానికి రెండుసార్లు బడి కంప్యూటర్ మీద కూర్చోబెడితే ఇది తీరిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది, దరఖాస్తు నింపే రోజే తెలిసుండాలి. ఈ పరీక్ష 13 భాషల్లో ఉంది, తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. కానీ ప్రాంతీయ భాష పేపరు ఆ భాష రాష్ట్రాల కేంద్రాల్లోనే ఇస్తారు. తెలుగు పేపరు ఆంధ్రా, తెలంగాణలో, ఒడియా పేపరు ఒడిశాలో. పర్లాకిమిడి పిల్లకి తెలుగు పేపరు కావాలంటే కేంద్రం కింద శ్రీకాకుళమో విశాఖపట్నమో పెట్టుకోవాలి, బరంపురం పెట్టుకుంటే ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, ఒడియాల్లోంచి ఎంచుకోవాలి. షాపు కుర్రాడు దగ్గర ఊరని బరంపురం నొక్కేస్తాడు, పాపం అతనికేం తెలుసు.

కంప్యూటర్ ఉందా అన్నది మొదట అడగాల్సిన మాటే, చివర్లో వచ్చింది. కేంద్ర విద్యాశాఖ బడుల గురించి సేకరించే యూడైస్ ప్లస్ 2023-24 లెక్కల్లో దేశం మొత్తం మీద పనిచేసే కంప్యూటర్లున్న బడులు 57 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 54 శాతం. ఉన్న చోట కూడా ల్యాబు తాళం హెడ్మాస్టర్ టేబులు సొరుగులో ఉంటుంది, పాడైతే తన మీదికొస్తుందని ఆయన భయం ఆయనది. నలభై మందికి ఒక్క కంప్యూటరే ఉంటే, ఇద్దరిద్దరు చొప్పున పావుగంట, రోజుకి ఐదు జతలు, నాలుగు రోజుల్లో క్లాసు మొత్తం ఒక చుట్టు తిరిగొస్తుంది. జతలో ఒకరు తెలుగు, ఒకరు ఒడియా ఉండేలా చూసుకుంటే కీబోర్డు పాఠం వాళ్లే ఒకరికొకరు చెప్పుకుంటారు, కరెంటు ఉన్నంతసేపు.